వంతెన మీది గుర్రం

నా చిన్నప్పుడు ఢిల్లీ ఆర్.కె. పురంలో మా వరస క్వార్టర్లన్నిటికీ కలిపి ఒకే ఒక్క తెలుగు వారపత్రిక వచ్చేది. నాన్నగారు చందా కట్టి పోస్టులో తెప్పించేవారు. బెజవాడలో అందరూ చదివి పక్కన పడేశాక గాని అది మా చేతికి అందేది కాదు. మా ఇంట్లో మొదలై ఎనిమిది ఇళ్ళు తిరిగి, అట్ట ఊడి, పప్పు మరకలు పడి, ఆఖరికి మా పై ఇంటి అక్క దగ్గరికి చేరేది. ఆవిడ పిన్నులు జాగ్రత్తగా విప్పి సీరియల్ పేజీలు మాత్రం తీసి దాచేది. సీరియల్ అయిపోయాక వాటిని వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, దళసరి అట్ట వేసి పుస్తకం చేసేది. ఆ రోజుల్లో మాలాంటి వాళ్ళ ఇళ్ళలో సగం నవలలు అలా కుట్టుకున్నవే.

పత్రిక ఎనిమిది ఇళ్ళు తిరిగేదాకా ఆగే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. అందుకని ఆదివారం మధ్యాహ్నం క్వార్టర్ల ముందు గడ్డిలో చాపలు పరిచి, చలికాలపు ఎండలో కూర్చుని, ఆడవాళ్ళంతా నా చేత సీరియల్ చదివించుకునేవాళ్ళు. ఒకరు స్వెట్టరు అల్లేవారు, ఒకరు బఠాణీలు ఒలిచేవారు. నా ఈడు పిల్లలంతా తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే రకం. తెలుగు గడగడా చదివేదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి పదకొండేళ్ళకే నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ ఏడాది వచ్చిన సీరియల్ పేరు మరిచిపోయాను. మా ఎదురింటి పిన్నిగారి పేరు కూడా ఎంత గింజుకున్నా గుర్తుకు రావడం లేదు. కానీ ఆ కథలోని ఇద్దరి పేర్లు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను. గోదావరి మీద లాంచీ నడిపే రాఘవులు, రేవులో టిక్కెట్లు ఇచ్చే సుభాషిణి. లాంచీ ఆ రేవులో రోజుకి ఐదు నిమిషాలు ఆగుతుంది. వాళ్ళ ప్రేమంతా ఆ ఐదు నిమిషాల్లోనే. అతను ఏదో చెప్పబోతాడు, ఆమె వినబోతుంది, ఇంతలో కూత వేసి లాంచీ కదిలిపోతుంది. కింద 'సశేషం' అని ఉంటుంది. నాకు ఒళ్ళు మండిపోయేది.

గడ్డిలో కూర్చున్నవాళ్ళకీ అంతే. భర్త ఆఫీసు నుంచి వచ్చి పేపరు వెనక దూరిపోయి పలకరించని ఒకావిడ, రాఘవులు మింగేసిన మాటలన్నీ తనే పూర్తి చేసి చెప్పేది. అత్తగారితో పడలేని ఒకావిడ, సుభాషిణికి అత్త లేకుండా చూడమని నాకే చెప్పేది, రాసేది నేనైనట్టు. రచయిత మాకు ఇచ్చింది వారానికి ఐదు నిమిషాలు. మిగతా కాలమంతా ఆ ఇద్దరూ ఏం చేస్తుంటారో మేమే అల్లుకునేవాళ్ళం. అల్లుకున్నది మాది కాబట్టే వాళ్ళ మీద మాకంత హక్కు ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది. నాన్నగారు మాత్రం, లేని మనుషుల కోసం ఇంత రభస ఏమిటని నవ్వేవారు.

పై ఇంటి అక్క ఏమీ అనేది కాదు. ఆసుపత్రిలో నర్సు. కోస్తా నుంచి వచ్చి, ఇక్కడ ఉద్యోగం చేసే అన్నయ్య క్వార్టర్లోనే ఉండేది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, తెల్లచీర మార్చుకోకుండానే ఓ పక్కన కూర్చుని వినేది. ఆవిడకి వాళ్ళ ఊళ్ళో ఒక మేష్టరుతో మాట ఉందని, ఇద్దరూ క్రైస్తవులే అయినా సంఘాలు వేరని, పెద్దలు తేల్చడం లేదని, మా అమ్మ వంటింట్లో ఎవరితోనో అంటుంటే విన్నాను. ఆయన దగ్గర నుంచి ఉత్తరం వచ్చిన రోజు అక్క మెట్లు ఎక్కడంలోనే తెలిసిపోయేది. ఎప్పుడు కుదిరిందో తెలియదు గాని నా బుర్రలో ఒక లెక్క కుదిరిపోయింది. రాఘవులుకీ సుభాషిణికీ పెళ్ళయితే అక్కకీ అవుతుంది. వాళ్ళకి కాకపోతే ఈమెకీ కాదు. ఎవరికీ చెప్పలేదు. ప్రతివారం గుండె చేత్తో పట్టుకుని పేజీ తిప్పేదాన్ని.

ఆఖరి భాగం ఒక శుక్రవారం వచ్చింది. గోదావరి మీద వంతెన కట్టేశారు. ఇక లాంచీలు అక్కర్లేదన్నారు. రేవు మూసేశారు. సుభాషిణి బస్సెక్కి అక్కయ్య ఊరికి వెళ్ళిపోయింది. రాఘవులు ఖాళీ లాంచీలో కూర్చుని వంతెన మీద పోయే ఆ బస్సును చూశాడు. అయిపోయింది. నేను స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్చాను. ఏడుపు ఆగాక వాళ్ళ సంగతి కాదు, అక్క సంగతి తట్టి భయమేసింది.

పిన్నులు విప్పి ఆ నాలుగు పేజీలూ తీసి నా లెక్కల పుస్తకంలో దాచేశాను. శనివారమంతా కూర్చుని రూళ్ళ కాగితాల మీద నా ముగింపు రాశాను. సాయంత్రం అక్క డ్యూటీ నుంచి రాగానే కాగితాలు పట్టుకుని పైకి వెళ్ళాను. పోస్టులో తడిసి పేజీలు పాడైపోయాయని, అతికించుకుని చూసి రాసుకున్నానని చెప్పి, ఆదివారానికి ముందు నీకే వినిపిస్తానన్నాను. అక్క టీ గ్లాసు పట్టుకుని మంచం మీద కూర్చుని, చదవమంది.

చదివాను. వంతెన కట్టారు, అందరూ సంతోషించారు, పెద్దలు ఒప్పుకున్నారు. బ్యాండు మోగుతుండగా, ముఖం మీద పూలదండలు వేలాడుతుండగా, తెల్లగుర్రమెక్కి రాఘవులు రేవుకి వచ్చాడు. ముందు కుర్రాళ్ళు డాన్సు చేశారు. సుభాషిణి దండ వేసింది. శుభం.

అప్పటికి నేను చూసిన పెళ్ళిళ్ళన్నీ ఢిల్లీ వీధుల్లో చూసినవే. గోదావరి ఒడ్డున పెళ్ళికొడుకు గుర్రమెక్కి రాడని నాకేం తెలుసు? అక్క ముఖంలో నవ్వు లేదు. చాలా శ్రద్ధగా అడిగింది.

"అచ్ఛా, మరి గుర్రాన్ని లాంచీలో ఎలా ఎక్కించారే అమ్మడూ?"

"లాంచీలో కాదక్కా, వంతెన కట్టారుగా, దాని మీంచి నడిపించుకొచ్చారు."

అక్క లేచి, బీరువా మీంచి ఒక పత్రిక తీసింది. అదే వారం పత్రిక. ఆసుపత్రి హాస్టల్లో ఉండే ఇంకో నర్సు తెప్పించుకుంటుందట. దాన్ని అక్క నిన్ననే చదివేసిందట. నేను తల దించుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఇలా చేశానెందుకని అడిగితే నా బుర్రలోని లెక్క మొత్తం కక్కేశాను.

అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "మా సంగతి మొన్న సోమవారమే తేలిపోయిందమ్మా. వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. ఆయన కూడా ఠీక్ హై అన్నట్టే రాశారు. ఆ కథవల్ల ఏమీ కాలేదు" అంది. తర్వాత టీ గ్లాసు వంక చూస్తూ నెమ్మదిగా చెప్పింది. "సోమవారం నుంచీ నాకు ఏడవడానికి చోటు దొరకలేదే. ఇంట్లో అన్నయ్య ఉంటాడు, బాధపడతాడు. వార్డులో పేషెంట్లు ఉంటారు. నిన్న ఈ నాలుగు పేజీలు చదివి, డ్యూటీ రూములో అందరి ముందూ కూర్చుని ఏడ్చాను. కథ చదివి ఏడిస్తే ఎవరూ ఏమీ అడగరు."

ఆ పేజీలు తీసినచోటే పెట్టి రేపు అందరికీ చదవమంది. వాళ్ళక్కూడా కావాలి, నువ్వు దాచెయ్యకూడదు అంది.

ఆదివారం చదివాను. ఎక్కడా ఆపలేదు. బఠాణీలు ఒలిచే చేతులు ఆగిపోయాయి. పేపరు వెనక భర్త ఉన్నావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇదంతా చాదస్తమని ప్రతివారం వెక్కిరిస్తూ వినే ఎదురింటి పిన్నిగారు అందరికంటే ఎక్కువ ఏడ్చారు. ఎవరూ ఎవర్నీ ఎందుకని అడగలేదు. ఆ లేని మనుషులిద్దరూ ఇంతమంది దుఃఖాన్ని తమ పేరు మీద మోస్తున్నారని పదకొండేళ్ళ నాకు పూర్తిగా అర్థం కాలేదు. కానీ అక్క వంక చూస్తే, ఆవిడ ఆ ఎండలో కూర్చుని అందరితో కలిసి, దాచుకోకుండా, హాయిగా ఏడుస్తోంది.

ఏడాది తిరక్కుండానే అక్కకి వేరే ఊరు బదిలీ అయింది. వెళ్ళేముందు తను కుట్టిన ఆ పుస్తకం నాకిచ్చేసింది. తర్వాత ఎవర్నో మంచి మనిషినే చేసుకుందని విన్నాను.

మొన్న ఢిల్లీ పక్కనే వైశాలిలో మా ఇంట్లో మా మనవరాలు, పదిహేనేళ్ళది, ఫోన్లో చూసే ఏదో సీరియల్లో ఇద్దరు విడిపోయారని అన్నం మానేసి కూర్చుంది. మా అమ్మాయి కోప్పడింది, లేని వాళ్ళ కోసం ఇదేం పిచ్చి అని. అచ్చం మా నాన్నగారే. నేనేమీ అడగలేదు. పక్కన కూర్చుని ఒక నారింజ ఒలిచి ఇచ్చాను. తర్వాత ఆ పాత పుస్తకం తెచ్చాను. మనవరాలికి తెలుగు చదవడం రాదు. నేనే చదివాను, రెండు రోజులు, మొదటి నుంచీ. మూసేసిన రేవు, బస్సు, ఖాళీ లాంచీ. అది ఏడ్చింది. అది ఏడ్చింది ఆ ఇద్దరి కోసమేనా అన్నది నా పని కాదు.

అచ్చు పేజీలయ్యాక ఇంకా కాగితాలున్నాయేమిటని చూసింది. రూళ్ళ కాగితాలు. నా పదకొండేళ్ళ దస్తూరీ. అక్క వాటిని కూడా కలిపి కుట్టేసింది. బ్యాండు, పూలదండలు, తెల్లగుర్రం చదువుతుంటే మా పిల్ల ఏడుపులోంచే నవ్వింది. గుర్రం దగ్గర అంచున, ఇక్కడ చేర్చాలని గుర్తు పెట్టి, నీలం సిరాతో అక్క అక్షరాలు ఉన్నాయి. 'వంతెన మీంచి నడిపించుకొచ్చారు.'

ఎన్నిసార్లు చదివానో ఆ ఒక్క వాక్యం. అక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ చదవడం ఆగిపోతుంది, మొన్న కూడా ఆగిపోయింది. మా మనవరాలు నన్ను ఎందుకని అడగలేదు. ఒలిచిన నారింజలో సగం నా చేతిలో పెట్టి, "ఫిర్ క్యా హువా, అమ్మమ్మా? తర్వాతేమైంది?" అంది.