జర ఆగు అవ్వా

సూరత్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎమర్జెన్సీలో విజయశ్రీది గెస్ట్ రిలేషన్స్ ఉద్యోగం. పేరు మాత్రం ఘనంగా ఉంది. ఎమర్జెన్సీకి అతిథిలా వచ్చేదెవరు గనక! గుండె పట్టుకునో తల పగిలో వచ్చినవాళ్లను లోపలికి పంపి, వెంట వచ్చినవాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, వాళ్ల ప్రశ్నలన్నిటికీ ఒకే జవాబు చెప్పాలి. "డాక్టర్లు చూస్తున్నారు." హిందీలో, గుజరాతీలో, అప్పుడప్పుడు తెలుగులో, పదకొండేళ్లుగా అదే మాట. చెడు కబురు చెప్పాల్సింది డాక్టరే. అది అక్కడి కట్టుబాటు.

ఆమె పుట్టి పెరిగింది సూరత్‌లోనే. తండ్రి రాజమౌళి సిరిసిల్ల నుంచి వచ్చి పవర్‌లూమ్ నడిపినవాడు. వాళ్ల మాటలో సాంచాలు. ఆమెకు ఏడేళ్లప్పుడు ఊళ్లో నానమ్మ పోయిందని తెలిసి ఆయన షిఫ్టు మధ్యలో లేచి ఊరికెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఆయన సాంచాల దగ్గర వేరే మనిషి నిలబడి ఉన్నాడు. ఆ ఏడాదంతా తండ్రి పని లేక గుమ్మంలో కూర్చోవడం ఆమె మరచిపోలేదు. మరచిపోయి ఉంటే బాగుండేది.

మొన్న శ్రావణంలో ఒక మధ్యాహ్నం నర్సవ్వ వచ్చింది. భర్త బక్కయ్య కార్ఖానాలో కుప్పకూలితే ఆటోలో వేసుకొచ్చింది. విజయశ్రీ నోట తెలుగు వినగానే ముసలామెకు ప్రాణం లేచొచ్చింది. పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

"మన దిక్కు పిల్లవే! బిడ్డా, నా కొడుకు పరమేశ్ కడోదరల సాంచాల మీదున్నడు. ఫోన్ జెయ్యమంటవా? షిఫ్టుల లేసొస్తే సేటు ఇంకొకన్ని వెట్టుకుంటడు. నువ్వెట్లంటే గట్లనే."

విజయశ్రీ తెర సందులోంచి డాక్టరు ముఖం చూసింది. ఆ ముఖాలు చదవడం ఆమెకు బాగా వచ్చు. ఆశ తక్కువని తెలిసిపోయింది. కొడుకును పిలవమంటే చాలు, ముసలామె సంగతి పసిగడుతుంది. కానీ ఆ క్షణాన విజయశ్రీకి గుర్తొచ్చింది గుమ్మంలో కూర్చున్న తన తండ్రి.

"జర ఆగు అవ్వా. డాక్టర్లు చూస్తున్నరు."

నర్సవ్వ ఫోన్ సంచిలో పెట్టేసింది.

బక్కయ్య ఇంకో గంటంబావు బతికాడు. మధ్యలో కళ్లు తెరిచి కొడుకు పేరు రెండుసార్లు పలికాడట. నర్సు ఆ మాట తర్వాత చెప్పింది. కడోదర నుంచి రావడానికి ముప్పావుగంట చాలు.

ఆ తర్వాతే కబురందిన పరమేశ్ వచ్చేసరికి తండ్రి ముఖం మీద బట్ట కప్పేశారు. అతని చొక్కా నిండా నూలు పీచు. ప్రాణం పోకముందే కొడుకు చేతి నీళ్లు నోట్లో పడాలని వాళ్ల పట్టింపు.

"ఎందుకు పిలువలేదే అవ్వా? బాపు నోట్లె ఇన్ని నీళ్లన్న పోసేటోన్ని గదా!" అన్నాడు తల్లితో.

నర్సవ్వ తలెత్తి విజయశ్రీని చూసింది. ఇక చెప్పేస్తుందనుకుంది విజయశ్రీ. చెప్పేస్తే బాగుండుననీ అనుకుంది.

"నాదే తప్పు బిడ్డా. నీ పని పోతదని నేనే ఫోన్ చెయ్యలె."

పరమేశ్ తల్లి వైపు నుంచి ముఖం తిప్పుకున్నాడు. ఆగమన్నది తనేనని చెప్పడానికి విజయశ్రీకి ఏ కట్టుబాటూ అడ్డం లేదు. నోరు రాలేదు, అంతే. సిగ్గుతో చచ్చిపోతూ, ఏం చెయ్యాలో తోచక, అలవాటు కొద్దీ అతనికి మంచినీళ్ల గ్లాసు అందించింది.

అతను తాగలేదు. ఆ గ్లాసు పట్టుకుని తెర అవతలికి, తండ్రి దగ్గరికి వెళ్లాడు.