తోలుకు దూప

కనకవ్వ మనిషి మొహం చూడదు, ముందు చెయ్యి చూస్తుంది. మరమగ్గాలను సాంచెలనే సిరిసిల్లలో, ఆ సాంచెల వాడలో ఎవరు ఎదురైనా సరే, "బాగున్నవా" అనే మాట ఇంకా నోట్లో ఉండగానే చెయ్యి లాక్కుని, గోరుతో సర్రున ఒక గీత గీస్తుంది. తెల్లగీత పడిందా, ఆ మనిషి దొరికిపోయినట్టే. రొండిన దోపుకున్న కొబ్బరినూనె సీసా బయటికి వస్తుంది. చలికాలంలో నూనె గడ్డకట్టకుండా ఆమె కనిపెట్టిన ఉపాయం ఆ రొండి.

గీత ఒక్కటే అయితే వాడ ఓర్చుకునేది. రెండో పరీక్ష కూడా ఉంది. చేతి మీది తోలు పట్టి గిల్లి వదులుతుంది. అది వెంటనే సర్దుకోకపోతే సీసా లోపలికి పోయి నీళ్ల చెంబు బయటికి వస్తుంది.

"గిది నూనె లేని తోలు గాదు, నీళ్లు లేని తోలు. తోలుకు దూపైంది. దూపైనోనికి నూనె తాపుతరా ఎవరన్న? తాగు!"

"ఇప్పుడే చాయ్ తాగిన అవ్వా."

"చాయ్‌తోటి నోటి దూప పోతది, తోలు దూప పోదు. తాగు!"

ఒకసారి పక్కవాడలో పెళ్లిచూపులకు వచ్చిన పిల్లగాడి చెయ్యి కూడా వదల్లేదు. గీసింది, గిల్లింది, తీర్పు చెప్పింది. "పిల్లగాడు మంచోడే గని నీళ్లు తాగడు." ఆడపిల్లవాళ్ల గుండె ఆగినంత పనైంది. సంబంధం కుదిరింది కాబట్టి సరిపోయింది. ఆ అల్లుడు ఇప్పటికీ అత్తారింటికి వస్తే, బస్టాండులోనే కడుపునిండా నీళ్లు తాగి మరీ వాడలో అడుగు పెడతాడు.

కార్ఖానా ఆసామి ఒకరోజు బట్ట మీద పనివాళ్ల నూనె చేతుల జిడ్డు మరకలు చూసి, కనకవ్వను నాలుగు దులుపుదామని మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. "ఏందే కనకవ్వా, నా మాలు ఖరాబ్ జేస్తున్నవ్..." అని చెయ్యి ఊపాడు. ఊపిన చెయ్యి ఆమె చేతికి చిక్కింది. తిరిగి పోయేటప్పుడు హ్యాండిల్ జారుతుంటే, పాపం, బండిని నెట్టించుకుంటూ పోయాడు. ఆ తర్వాత కనకవ్వే ఒక మెట్టు దిగి, నూనె రాశాక పాతబట్టతో ఒత్తి తుడవడం మొదలుపెట్టింది.

ఈ బాధలన్నీ అందరికంటే ఎక్కువ పడింది పక్కింటి కోడలు కమలవ్వ. పొద్దున లేస్తే గోడ మీదుగా కనకవ్వ గొంతే.

"దశరథం తానం జేసిండా? మసిలే నీళ్లు పొయ్యకు పిల్లా. తోల్లున్న నూనె కరిగి మోర్లె పోతది. తడి ఆరకముందే రాయి. ఎండినంక రాస్తె కట్టెకు రాసినట్టే!"

దశరథం కమలవ్వ భర్త. ఆ ఏడు చలి గట్టిగా పట్టింది. అతని వేళ్లు పగిలి బెరడులా తయారయ్యాయి. పోగు తెగితే అతకాలని పట్టుకుంటాడు. ఆ పోగు వేలి పగులులో చిక్కుకుని ఇంకోచోట తెగుతుంది. సాంచె ఆగుతుంది, ఆసామి నోరు లేస్తుంది. ఒకరోజు దశరథం అటక మీది రేకుపెట్టె దించి దుమ్ము దులిపాడు.

"భీవండి పోత. ఆడ గాలే తడిగ ఉంటదట. పోగు తెగదట."

కమలవ్వ అన్నం వడ్డిస్తున్న చెయ్యి ఆగింది. బొంబాయి దగ్గర సాంచెలకు పేరున్న ఆ భీవండి ఆమెకు ఊరు కాదు, పక్కింటి ఖాళీ మంచం. కనకవ్వ పెనిమిటి బుచ్చిరాములు భీవండి పోయి ఏండ్లయింది. బతుకమ్మ పండుగకు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు.

మర్నాడు తెల్లారకముందే కనకవ్వ సీసాతో సహా లోపలికే వచ్చి, మొహం కడుక్కుంటున్న దశరథం చెయ్యి పట్టుకుంది. భయం మీదున్న కమలవ్వకు కోపం తన్నుకొచ్చింది.

"అత్తా! నా మొగని చేతులతోటి నీకేం పని?"

దశరథం చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. కనకవ్వ మాత్రం నవ్వలేదు, తిట్టలేదు.

"పనుంది బిడ్డా. మా ఆయన చేతులు గూడ గిట్లనే పలిగినయ్. ఒక పోగు అతికితె రెండు తెగేటియి. నాకప్పుడు గీ నూనె ఇకమతు తెల్వది. తెలిసేసరికి ఆయన బస్సెక్కిండు. నీ మొగని చెయ్యి మెత్తగుంటె పోగు తెగది. పోగు తెగకుంటె బస్సెక్కడు. వాకిట్ల చెప్పుల చప్పుడైతె ఆయనే అనుకొని ఉరికొచ్చుడు... గది నీకు రావద్దు."

వాడలో ఇన్నాళ్లు నవ్వుకున్న గీతలన్నీ ఒక్కసారి కమలవ్వ కళ్ల ముందు తిరిగాయి.

ఆ రోజు నుంచి గోడ అవతలి నుంచి కేక రాకముందే కమలవ్వ నూనె తీసేది. చలి పోకముందే దశరథం వేళ్లు మెత్తబడ్డాయి. రేకుపెట్టె మళ్లీ అటకెక్కింది. అది ఎక్కిన రోజున కమలవ్వ సంతోషం పట్టలేక పక్కింటికి పరుగెత్తి, కనకవ్వ చెయ్యి పట్టుకుని సరదాగా గోరుతో గీసింది.

తెల్లగా పడింది గీత. సుద్దముక్కతో గీసినట్టు పడింది.

"అత్తా! ఊరందరికి రాస్తవ్, నీకు రాసుకోవా?"

"నాకు ఆయన వచ్చినంక రాస్తడు."

"ఆయన వచ్చేదాక తోలు ఆగొద్దా?" కమలవ్వ బలవంతంగా సీసా లాక్కుంది. పెనుగులాడి పెనుగులాడి చివరికి రాజీ కుదిరింది.

"సరె, ఎడమ చెయ్యి రాయి. కుడిచెయ్యి ముట్టకు. గది ఆయనకు ఉంచిన."

అప్పటినుంచి కనకవ్వ ఎడమ చెయ్యి నిగనిగలాడేది, కుడిచెయ్యి బూడిద పూసినట్టుండేది. వాడంతా ఆ కుడిచెయ్యి చూసి నవ్వేది, నవ్వి నిట్టూర్చేది.

ఆ చలికాలం తర్వాతి బతుకమ్మకు బుచ్చిరాములు వచ్చాడు. సంచి దించకముందే కనకవ్వ అతని చెయ్యి లాక్కుని గీసింది. గీత పడలేదు. మళ్లీ గీసింది. పడలేదు.

"ఎవతి రాసింది నూనె?"

"ఎవతి లేదే! ఆడ గాలే అట్లుంటది!"

"గాలి పేరేంది?"

గోడ ఇవతల కమలవ్వ నోట్లో కొంగు కుక్కుకుంది.

తెల్లారి బతుకమ్మకు పువ్వులు పేరుస్తూ కమలవ్వ ఓరకంట చూసింది. కనకవ్వ రెండు చేతులూ నిగనిగలాడుతున్నాయి.