గేటు బయట నిలబడ్డ ఆర్కిటెక్ట్ మేడం

మా బడి కట్టిన ఆర్కిటెక్ట్ మేడం పోయారని స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఆమె ఫొటో, దాని వెనక మా బడి ముందుభాగం, కింద ‘మా హరిత భవన రూపశిల్పికి అశ్రునివాళి’ అన్న అక్షరాలు. ఫొటోలో బడి ముందంతా నీలం అద్దాలే. ఆ అద్దాలు ఆమె పెట్టినవి కావు. వాటిని తీయించడానికే ఆమె చివరి రెండేళ్లూ తిరిగారు. మెసేజ్ కింద దండం బొమ్మలు బారులు తీరాయి. నేనూ ఒకటి పెట్టాను. ఎందుకు పెట్టానా అని ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కాప్రాలో ఈ బడి లేవకముందు మేము బోయిగూడలో ఒక అద్దె ఇంట్లో పాఠాలు చెప్పేవాళ్లం. నేను తెలుగు టీచరుగా అప్పుడే చేరాను. ఒకరోజు నూలు చీర, కాన్వాస్ బూట్లతో ఒకావిడ వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. సాయంత్రం దాకా కదల్లేదు. బెల్లు కొట్టాక నా దగ్గరికి వచ్చారు.

“మీకు ఏ పీరియడ్‌లో గొంతు ఎండిపోతుందండీ? ఏ మూల కూర్చున్న పిల్లలు ముందు కునుకు తీస్తారు?”

బడి కట్టేముందు టీచర్లను అడగాలని తోచిన మనిషిని అంతకుముందు నేను చూడలేదు. ఆ తర్వాతా చూడలేదు.

పునాదికి తవ్విన మట్టితోనే ఆమె ఇటుకలు ఒత్తించారు, బట్టీలో కాల్చకుండా. బోయిగూడ నుంచే వచ్చిన మేస్త్రీకి అది నచ్చలేదు. నా ముందే అన్నాడు: “గీ పచ్చి ఇటుకలతోని రెండంతస్తులా మేడం? రేపు వానకు కరిగితే నా ఇజ్జత్ పోతది.”

“కరిగితే నా పేరు చెప్పు మేస్త్రీ. నిలబడితే మాత్రం నువ్వే కట్టావని నేను చెప్తాను.”

గోడలు నిలబడ్డాయి. ప్రారంభం రోజున ఆమె మైకు పట్టుకుని అతన్ని వేదిక మీదికి పిలిచి, తన శాలువా అతనికి కప్పారు.

మధ్యలో పైకప్పు లేని ముంగిలి, చుట్టూ క్లాసులు, పడమటి వైపు కంతలున్న జాలీ గోడ. ముంగిట్లో వేడెక్కిన గాలి పైకి పోతుంటే, జాలీలోంచి చల్లగాలి లోపలికి వచ్చేది. మార్చి నెలలో కూడా మధ్యాహ్నం దాకా ఫ్యాను గుర్తుకొచ్చేది కాదు. ఏటా ఎండాకాలంలో ఆమె బేగంపేట నుంచి వచ్చి, మిట్టమధ్యాహ్నం మిద్దెక్కి, బూట్లు విప్పి, తెల్ల పెంకులు అతికించిన కప్పు మీద అటూ ఇటూ నడిచేవారు. “నా పాదం ఓర్చుకుంటే కింద పిల్లలు ఓర్చుకుంటారు” అనేవారు. మాతో టీ తాగి, ఏ తలుపు కిర్రుమంటోందో ప్యూనుకు చెప్పి వెళ్లేవారు. అందుకు ఎవరూ ఆమెకు ఏమీ ఇవ్వలేదు. ఆమె అడగనూ లేదు.

రెండేళ్ల కిందట బడి చేతులు మారింది. మట్టి గోడలు చూస్తే తల్లిదండ్రులకు నమ్మకం కలగదని కొత్త యాజమాన్యం తేల్చింది. ముందు అద్దాలు బిగించారు. ముంగిలి మీద స్లాబు వేసి ఏసీ హాలు చేశారు. జాలీ కంతలు పూడ్చమని ఆ పాత మేస్త్రీనే పిలిచారు. అతను రానన్నాడు. వేరేవాళ్లు వచ్చి ఒక్క ఆదివారంలో పూడ్చేశారు.

ఆ వారమే మేడం వచ్చారు. నేను పై అంతస్తులో ఏడో తరగతి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. వాచ్‌మన్ చేతులు నలుపుకుంటూ చెప్పిన మాటలు పైకి వినిపించాయి: “ఫోన్ చేసిన మేడం. లోపటికి పంపొద్దన్నరు. నా నౌకరీ, ఏమనుకోకుండ్రి.”

ఆమె ఎండలో గేటు పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్తున్న మనిషి. నేను కిందికి దిగలేదు. పాఠం చెప్తూ ఉండిపోయాను.

సాయంత్రం ఫోన్ చేసి క్షమించమన్నాను.

“దిగితే మీ ఉద్యోగం పోయేదండీ, వదిలేయండి. నా గోడ పోయిందని కాదు నా కోపం. గోడ మళ్లీ కట్టుకోవచ్చు. ఈ పిల్లలకు ఏడో తరగతి మళ్లీ రాదు కదా.”

తర్వాత ఒక థర్మామీటరు పంపించారు. రోజూ మూడో పీరియడ్‌లోనూ చివరి పీరియడ్‌లోనూ ఏడో తరగతి గదిలో వేడి ఎంతుందో నోటుబుక్కులో రాయమన్నారు. రాశాను. ఆ మార్చిలో ఏడో తరగతి అమ్మాయి ఒకతె పద్యం అప్పజెబుతూ నిలబడ్డచోటే కూలిపోయింది. ఇంటి నుంచి పెద్ద నీళ్ల సీసా తెచ్చుకోమని ఆఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. మేడం ఆ పేజీల నకళ్లు పట్టుకుని విద్యాశాఖ ఆఫీసు మెట్లెక్కారు, దిగారు, మళ్లీ ఎక్కారు. చివరికి మెట్లెక్కే ఓపిక పోయింది. పోయిన నెలలో మనిషే పోయారు.

సంతాప సభ ఆ ఏసీ హాల్లోనే పెట్టారు. కరస్పాండెంట్ ఆమె ఫొటోకు దండ వేసి, “ఆమె చూపిన బాటలోనే నడుస్తున్నాం” అన్నాడు. లేచాను. ఆ బాట గేటు దగ్గరే ఆగిపోయిందని, ఆమెను ఎండలో నిలబెట్టారని, అది చూస్తూ నేను నోరు మూసుకున్నానని చెప్పాను. నోటుబుక్కు తెరిచి ఏడో తరగతి గది వేడి, ఒక్కో రోజుదీ చదవడం మొదలుపెట్టాను.

“టీచర్, ఇది సందర్భం కాదు” అన్నాడు కరస్పాండెంట్.

వెనక వరుసలోంచి మేస్త్రీ లేచాడు. “ఇదే సందర్భం సారూ. గామె బతికుండంగ మీరు వినలే. ఇగ ఎప్పుడు చెప్పాలె? చదువు టీచరమ్మా.”

చివరిదాకా చదివాను. మైకు తీసేశారు. అయినా చదివాను. సభలో ఉన్న పిల్లల తల్లులు కొందరు దగ్గరికి వచ్చి ఆ పేజీలు ఫొటోలు తీసుకున్నారు.

మర్నాడు నాకు మెమో ఇచ్చారు. బడి పరువు తీశానట. తల్లులు ఆఫీసుకు వెళ్లి అడిగితే జాలీ సంగతి సెలవుల్లో చూద్దామన్నారు. చూస్తారని నాకు నమ్మకం లేదు. తల్లులు మాత్రం ప్రతి సోమవారం వెళ్లి అడుగుతున్నారు. ఇప్పుడు వాళ్ల వెంట నేనూ వెళ్తున్నాను. మేడం ఉండగా చేయాల్సిన పని అది.

ఇది రాస్తుంటే అన్నం బెల్లు కొట్టారు. ఏడో తరగతి పిల్లలు గదిలో ఉక్కకు ఆగలేక టిఫిన్ డబ్బాలతో ఎండలోకి పరిగెత్తి, ఆగి ఉన్న బడి బస్సు నీడలోకి చేరారు. ఆ సన్నటి నీడలో అందరికీ చోటు చాల్లేదు. మిగిలినవాళ్లు వంగి, బస్సు కిందికి దూరి, చక్రాల మధ్య గుండ్రంగా కూర్చుని డబ్బాల మూతలు తీస్తున్నారు.