అవ్వ చెయ్యి, మా సూది

సెలవులకు ఇంటికొచ్చినా నాకు సెలవు దొరకలేదు. ప్రొద్దుటూరులో తెలిసిన డాక్టరు గారి ఆసుపత్రిలో నేనూ, మా జూనియర్ సరళా పని నేర్చుకుంటున్నాం. ఈ రోజు పొద్దున తొండూరు నుంచి వచ్చిన ఒక అవ్వకు గ్లూకోజు ఎక్కించబోయి మూడుసార్లు నరం తప్పాను. ఉడకబెట్టి మళ్లీ మళ్లీ వాడే ఆ సూదిని రాతి మీద సానపట్టింది కూడా నేనే. "గాడిదా, నాలుగేళ్లు డాక్టరీ ఏం చదివావురా" అని పైకే తిట్టుకున్నాను.

సాయంత్రం అదే అవ్వకు సరళ సూది వేసింది. తనకూ రెండుసార్లు తప్పింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. "పర్వాలేదు సరళా, అందరికీ అయ్యేదే" అన్నాను.

అవ్వ నా వంక చూసింది. "ఈ పాపకు చెప్పిన మాట పొద్దున నీకు నువ్వు యాల చెప్పుకోలేదు నాయనా? ఇద్దరూ పొడిచింది నా చేతినే గదా."

 మన హాస్టలుకు రాస్తున్న ఈ కార్డు మీరందరూ చదువుతారు కాబట్టి అవ్వ ప్రశ్నే మిమ్మల్ని అడుగుతున్నాను, మీకెవరికైనా జవాబు తెలిస్తే రాయండి.

నొప్పిగా ఉందా అని అవ్వను మా ఇద్దరిలో ఒక్కరమూ అడగలేదని ఇది రాస్తుంటే గుర్తొచ్చింది.