గంగక్క మెత్త

హిందూపురం బట్టల ఫ్యాక్టరీలో గంగక్క రోజూ తన స్టూలును కొంగుతో తుడిచి, కత్తిరింపు ముక్కలతో కుట్టుకున్న మెత్తను దానిమీద పరిచి, రెండుసార్లు చరిచి కూర్చునేది. కొత్త మేనేజరు వచ్చాక స్టూళ్లన్నీ మాయమయ్యాయి. ఇక నిలబడే కుట్టాలట, పని జోరుగా సాగుతుందట. మీటింగులో గంగక్క మండిపడింది. "ముందు నీ కుర్చీ తీసేయించు సార్, అప్పుడు చెప్పుదువు మాకు." మేనేజరు కోప్పడలేదు. అందరిచేతా చప్పట్లు కొట్టించి, ఆమె చీరకు 'మార్పు లీడర్' అన్న బ్యాడ్జీ తగిలించాడు. మిగతావాళ్లకు నచ్చజెప్పే పని ఇక ఆమెదేనన్నాడు.

మర్నాడు పక్క మిషను దగ్గర, ఏడో నెల గర్భిణి భవ్య నడుం పట్టుకుని, "కాళ్లు వాచిపోయినాయి గంగక్కా. లీడరువి గదా, యాడ కూర్చునేదో చెప్పు" అంది. ఆ ఎత్తిపొడుపుకు గంగక్క చెవులు వేడెక్కాయి. సంచిలోనే ఉండిపోయిన మెత్తను తీసి, నడిచే దారికి అడ్డంగా నేలమీద వేసింది. "ఈడ కూర్చో పాపా" అని భవ్యను కూర్చోబెట్టి, ఆమె ముందు తాను నిలబడింది. మేనేజరు పరుగున వచ్చాడు.

"ఏంటమ్మా ఇది?"

గంగక్క బ్యాడ్జీ సరిచేసుకుంది.

"మార్పు సార్. అందరికీ నచ్చజెప్తాండా."