కరెంటు పోతేనే పలికిన వైరు

మా అన్న చెప్పే కథ నమ్మకండి. పెళ్ళిళ్ళలో, పుట్టినరోజుల్లో, నలుగురు కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చున్న ప్రతిచోటా ఆయన అదే ఎత్తుకుంటాడు. చెల్లె చిన్నప్పుడు మిద్దె మీద వైరు గుంజి వాడ కరెంటంతా తీసేసిందట, చదువు మానేసి దాంతోనే ఆడిందట, చివరికి తనే కటింగ్ ప్లేయర్ పెట్టి ఆ వైరు తెంపితేగాని నేను పది పాసు కాలేదట. అందరూ నవ్వుతారు. మూడు ముక్కల కథలో మూడూ అబద్ధాలే. అయినా పోనీలే అని ఇన్నేళ్ళు ఊరుకున్నాను. మొన్న వికారాబాద్‌లో మా ఇంటికొచ్చి, ఇంటర్ చదువుతూ నా దగ్గరే ఉంటున్న తన కూతురు మానసకు అదే కథ నీతిపాఠంగా చెప్పి, ఆ పిల్ల ఫోను లాక్కుని, ఆ లాగులాటలో బండల మీద పడేసి పగలగొట్టాక మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. మానస చేసిన నేరం, అనంతగిరి అడవిలో పిట్టల కూతలు రికార్డు చేసుకోవడం. 'పిట్టల కూతలకు మార్కులేస్తరా?' అన్నాడు మా అన్న. వేయరు. ఆయన కథలకూ ఎవరూ వేయలేదు.

మర్నాడు ఆ ఫోను పట్టుకుని స్టేషన్ రోడ్డులో బాగుచేసే దుకాణానికి వెళ్ళాం. దుకాణమతను దాని పొట్ట విప్పి, వేడి కడ్డీని టంకానికి తాకించగానే సన్నని పొగ లేచింది. కాస్త గుగ్గిలం, కాస్త కాలిన తీగ కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నేను తాండూరులో, మా మిద్దె మీద, పదో తరగతి ఏడాదిలో ఉన్నాను.

మా ఇల్లు బండలకు పాలిష్ పట్టే మిషన్ల వాడలో ఉండేది. మా నేల నాపబండ, మెట్లు నాపబండ, అమ్మ బట్టలుతికేదీ, ఎండాకాలం వడియాలు పెట్టేదీ, మేం సుద్దతో గళ్ళు గీసి అష్టాచెమ్మ ఆడేదీ అన్నీ నాపబండల మీదే. మిషన్ల కింద నుంచి పారే తెల్లటి బురదనీళ్ళు మోరీ వెంట సాగి, ఎండి, పొడిగా లేచి, బడి నుంచి ఇల్లు చేరేసరికి మా కాళ్ళకు మోకాళ్ళ దాకా సున్నం వేసినట్టుండేది. చలికాలం కొత్త కందులు బజారుకొచ్చే రోజుల్లో పప్పు మిల్లుల వైపు నుంచి గాలి మళ్ళితే పొట్టు వాసన గొంతులో దిగేది, ఆ రోజుల్లోనే అమ్మ జొన్నరొట్టెలోకి పచ్చి కందికాయలు ఉడకబెట్టి పెట్టేది. వీటన్నిటి మీదా పొద్దున మొదలై కరెంటు ఉన్నంతసేపూ మిషన్ల రొద. ఇంట్లో మనిషిని పిలవాలన్నా అరవాల్సిందే. నా గొంతు ఇంత పెద్దదెందుకని అడిగేవాళ్ళకు నేను చెప్పే జవాబు అదే.

మా ఇంటి వెనక గోడకు ఆనుకుని నస్రీన్ వాళ్ళ ఇల్లు. మిద్దెలు కలిసే ఉండేవి గాని వాకిళ్ళు రెండు వేర్వేరు గల్లీల్లో, ఒకరి దగ్గరికి ఒకరు పోవాలంటే మిషన్లన్నీ దాటి చుట్టూ తిరగాలి. పొద్దుగూకాక ఆడపిల్లలు ఆ దారిన పోవడానికి మా ఇంట్లోనూ ఒప్పుకోరు, వాళ్ళ ఇంట్లోనూ ఒప్పుకోరు. ఎనిమిదో తరగతి దాకా మేమిద్దరం ఒకే బెంచీ. ఆ ఏడే వాళ్ళమ్మకు ఆయాసం ముదిరి, ఇద్దరు చిన్న తమ్ముళ్ళనూ పొయ్యినీ చూసుకోవడానికి నస్రీన్ బడి మానేసింది. రంజాను పండక్కి గోడ మీదుగా షీర్ ఖుర్మా గిన్నె అందిస్తూ, దసరాకు నేనిచ్చిన సకినాలు ఓణీలో కట్టుకుంటూ ప్రతిసారీ ఒకటే అడిగేది: 'ఇయ్యాల ఏం పాఠం చెప్పిండ్రే?' వాళ్ళ నాన్న మహబూబ్ చాచా మా పక్క పాలిష్ మిషన్ల సేటు దగ్గరే మిషన్ నడిపేవాడు. బిడ్డ ప్రైవేటుగా పది రాస్తానంటే కాదనకుండా ఫీజు కట్టాడు. కట్టాడు సరే, పాఠాలు ఎవరు చెప్పాలి?

వైరు అక్కడ పుట్టింది. నాకు అప్పట్లో చచ్చిపోయిన రేడియోలు విప్పే పిచ్చి. పాత సామాన్ల బండివాడికి ఖాళీ సీసాలిచ్చి పాడైన ట్రాన్సిస్టర్లు తెచ్చుకునేదాన్ని. రెండు చిన్న స్పీకర్లను రెండు తీగలతో కలిపి, ఒకదానిలో మాట్లాడితే రెండోదానిలో సన్నగా వినిపిస్తుందని నస్రీనే కనిపెట్టింది. బ్యాటరీ అక్కర్లేదు, కరెంటు అసలే అక్కర్లేదు. చేతులు ఆమెవి, నోరు నాది. టంకం ఆమె వేసేది, వైరును బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య అడ్డంగా మెలికలు తిప్పి చుట్టేది. ఊలైనా పూలదారమైనా ఆమె చుట్ట అట్లాగే ఉండేది, ఎన్నడూ చిక్కుపడేది కాదు. గోడ పగులులోంచి వైరు దించి, ఒక కొస మా మిద్దె గదిలో, రెండో కొస వాళ్ళ వంటింట్లో పెట్టాం.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మిషన్లు తిరుగుతుంటే ఆ సన్నని గొంతు చెవికి ఆనదు. కరెంటు పోవాలి, మిషన్లు ఆగాలి, వాడంతా ఒక్కసారి చెవులు మూసినట్టు నిశ్శబ్దమవ్వాలి. కరెంటు పోవడమే మా గంట. ఊరంతా తిట్టుకునే వేళకు మేం కాచుక్కూర్చునేవాళ్ళం. దీపం ముట్టించుకుని మిద్దె గదిలోకి పరుగెత్తి స్పీకర్ ఎత్తితే అటునుంచి అప్పటికే 'వచ్చినవా? జర జల్ది చెప్పు, రొట్టె మాడుతున్నది' అని వినిపించేది. త్రిభుజాలు కూడా నోటితోనే చెప్పాను. నేను చెబుతుంటే ఆమె వంటింటి బండ మీద బొగ్గుతో గీసుకునేది. 'నక్కో, అట్ల కాదు, మళ్ల చెప్పు' అంటే మళ్ళీ చెప్పాలి, విసుక్కుంటే ఊరుకోదు. చదువు మానేశానంటాడు మా అన్న. ప్రతి పాఠం రెండుసార్లు చదివాను, ఒకసారి నాకు, ఒకసారి ఆమెకు.

మరి కరెంటు తీసేసిన మాట? కరెంటు పోయినప్పుడల్లా నేను వైరు దగ్గర ఉండటం మా అమ్మ చూసింది, అన్న చూశాడు, మిద్దెల మీద పడుకునే ఇరుగుపొరుగు చూశారు. ఏది ముందు, ఏది వెనక అని ఒక్కరూ ఆలోచించలేదు. 'గా పోరి వైరు ముట్టంగనే కరెంటు పోతున్నది' అన్న మాట గల్లీ దాటి సేటు చెవిన పడింది. సరిగ్గా ఆ వారమే సేటు మోటరు కాలిపోయింది.

పరీక్షలు దగ్గరపడిన ఒక సాయంత్రం, కరెంటు లేని వేళ సేటు పది మందిని వెంటేసుకుని మా వాకిట్లోకి వచ్చాడు. వెనకాల పనివాళ్ళు, మిషన్ ఆగితే కూలి లేనివాళ్ళు, మొహాల నిండా తెల్లపొడి. వాళ్ళ మధ్య మహబూబ్ చాచా తల దించుకుని నిలబడ్డాడు. సేటు మా నాన్నతో మాట్లాడలేదు, చాచా వైపే తిరిగాడు.

'మహబూబ్, గా వైరు నీ ఇంట్లకెళ్లి పోతున్నది. నా మోటరు కాలింది. నువ్వే జవాబు చెప్పాలె.'

'పిల్లలు సేటూ, ఆడుకుంటుండ్రు...'

'ఆట గాదది, కరెంటు దొంగతనం. వైరన్న ఉండాలె, నీ పనన్న ఉండాలె.'

నేను ఊరుకునే రకాన్ని కాదు. మిద్దె ఎక్కి, స్పీకర్ ఊడబెరికి, వైరు లాక్కుంటూ కిందికొచ్చి, బోసి తీగ కొసలు రెండూ రెండు చేతుల్లో పట్టుకుని వాకిలి మధ్యలో నిలబడ్డాను. 'కరెంటు రానీయండి సేటూ, గీ వైర్ల కరెంటుంటే నేను సస్త' అన్నాను. అమ్మ కేక పెట్టి మీదికొచ్చింది, నాన్న ఆమెను పట్టుకున్నాడు. ఎవరూ కదల్లేదు. ఆ నిశ్శబ్దంలో గోడ అవతల నస్రీన్ తమ్ముడు ఏడుస్తున్నది కూడా వినిపించింది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు గాని అరచేతుల్లో చెమట పట్టి తీగలు జారుతున్నాయి. నా లెక్క మీద నాకే ఒక క్షణం అనుమానం వచ్చింది. అప్పుడు వాడంతా లైట్లు వెలిగాయి. మిషన్లు ఒకదాని వెంట ఒకటి అందుకున్నాయి. నేను తీగలు పట్టుకునే ఉన్నాను.

'కరెంటొచ్చింది సేటూ, నేను సచ్చిన్నా?' అని ఆ రొదలో అరిచాను. 'నీ మోటరుకు నూనె పొయ్యవు, పోరగాండ్ల మీద పడుతవు!' పనివాళ్ళు పగలబడి నవ్వారు. నవ్వనిది ఇద్దరే, సేటూ, మహబూబ్ చాచా.

గెలిచాను. మర్నాడు పొద్దున మిద్దె ఎక్కితే గోడ పగులులో వైరు లేదు. మా వైపు గోడ మీద, రెండో స్పీకరును అడుగున పెట్టి, దాని మీద వైరు చుట్టి ఉంచారు. కొస నున్నగా తెగి ఉంది. ఆ సాయంత్రమే నాన్న మిద్దె తలుపుకు తాళం వేశాడు, పరీక్షలయ్యేదాకా ఇల్లు కదలొద్దన్నాడు. ప్రైవేటుగా రాసేవాళ్ళకు సెంటరు వికారాబాద్‌లో పడింది. నేను తాండూరులోనే రాశాను. పరీక్ష ఉన్న ప్రతి ఉదయం ప్యాసింజర్ బండి కూత వినిపించేది. నస్రీన్ దానిలో ఉందో, పొయ్యి దగ్గరే ఉందో నాకు తెలియదు. చెప్పాల్సిన పాఠాలు ఇంకా మిగిలే ఉన్నాయి.

తాళం తీశాక గోడ దగ్గరికి పరుగెత్తితే అవతల వంటిల్లు ఖాళీ. కర్ణాటకలో సేడం వైపు ఏదో బండల గనిలో పని దొరికిందని వెళ్ళిపోయారట. సేటు తీసేశాడని కొందరు, చాచాయే మానేశాడని కొందరు. బండ మీద బొగ్గు గీతల్లో సగం త్రిభుజం మిగిలింది. ఫలితాల రోజు పేపర్లో నా నంబరు కంటే ముందు, హాల్‌టికెట్టు రాగానే ఆమె వైరులో చెప్పిన నంబరు వెతికాను. ఉంది. 'ఎవరిదే ఆ నంబరు?' అన్నాడు నాన్న. చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

దుకాణం నుంచి వచ్చాక మా అన్నకు ఫోను చేసి నిలదీశాను. 'నువ్వు తెంపిన వైరు ఏంజేసినవ్ అన్నా?' 'ఏంజేస్త? మోరీల పారేసిన' అన్నాడు. దొరికిపోయాడు. ఆ చుట్ట నా బీరువాలో ఉంది. బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య తిప్పిన మెలికలు ఇంకా వదల్లేదు.

ఇప్పుడు తాండూరులో కరెంటు అట్లా పోదు, మిషన్లు అట్లా ఆగవు. వాడంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టే ఆ నిశ్శబ్దం మానసకు ఎట్లా ఉంటుందో చెబుదామన్నా నాకు మాటలు దొరకలేదు. బాగైన ఫోను చేతికి రాగానే ఆ పిల్ల నస్రీన్ పేరు కొట్టింది, తెరనిండా నస్రీన్‌లే, పైకి ఎంత జరిపినా తరగలేదు. 'వీళ్లల్ల ఎవరత్తా?' అంది. నాకు తెలిసిన మొహం పదిహేనేళ్ళ పిల్లది.

అందుకే ఇక్కడ అడుగుతున్నాను. నస్రీన్, వైరు తెంపింది నువ్వేనా? నువ్వే అయితే, మీ నాన్న పని పోతుందని తెంపావా, లేక ఆ వాకిట్లో గెలుస్తున్నంతసేపూ నేను ఒక్కసారైనా మీ ఇంటి వైపు తల తిప్పి చూడలేదని తెంపావా?