కొమ్మల పేరంటం

ఈవేళ పొద్దున్న కిటికీ తలుపు తెరిచేసరికి పచ్చి మామిడి కర్ర వాసన గుప్పుమని లోపలికొచ్చింది. వీధిలో కరెంటు వాళ్ళు తీగలకు అడ్డొచ్చిన కొమ్మలు కొడుతున్నారు. తుఫానుల కాలం దగ్గర పడిందంటే అనకాపల్లిలో ఏటా జరిగే పనే. కొమ్మ తెగిన చోట కారే సొన వాసన పుల్లగా ఉంటుంది, కొంచెం ఘాటుగానూ ఉంటుంది. అది ముక్కుకి తగిలిందంటే చాలు, డెబ్భై దగ్గర పడ్డ మనిషినన్న సంగతి మరిచిపోయి నర్సీపట్నంలో సత్యవతమ్మ గారి దొడ్లో తట్ట పట్టుకుని నిలబడిపోతాను. మా దొడ్లో చెట్ల పని చూసే సింహాచలం కూడా అప్పటికే వచ్చి మెట్ల మీద కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు. "ఎక్కడ మొదలెట్టమంటారమ్మా?" అని అడిగాడు. "ముందు కాఫీ తాగు, తరవాత చెబుతాను" అన్నాను. ఆ నాన్చుడు దేనికంటే, కిటికీ పక్కన నేను ప్రాణంగా పెంచుకున్న సంపెంగ చెట్టుంది. దాని కొమ్మొకటి గోడ దాటి పక్కింటి రేకుల షెడ్డు మీదికి పాకింది. ఆ షెడ్డులో పక్కింటి అమ్మాయి సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. పూలేమో ముప్పాతిక వంతు ఆ కొమ్మకే పూస్తాయి. వచ్చే ఏడు చూద్దాంలే అంటూ నెట్టుకొస్తున్నాను. సత్యవతమ్మ గారే ఉండి ఉంటే నా చెవి మెలిపెట్టేవారు.

డెబ్భైల చివర్లో మా ఆయనకు నర్సీపట్నంలో లెక్కల మాస్టారుగా ఉద్యోగమైంది. కొత్త కాపురానికి ఇల్లు వెతుక్కుంటూ సత్యవతమ్మ గారి పెంకుటింటికి వెళ్ళాం. నాతవరం రైతుబిడ్డ ఆవిడ; తాలూకా ఆఫీసులో పనిచేసి రిటైరైన ఉద్యోగికి భార్య. గట్టి మనిషి, గొంతు ఇంకా గట్టిది. ముందు భాగంలో వాళ్ళుండేవారు, వెనక వాటా అద్దెకిచ్చేవారు. చుట్టూ పెద్ద దొడ్డి. వేప, పనస, మునగ, జామ, గోడ వారన కొబ్బరి చెట్లు, మా వాటా పక్కన సువర్ణరేఖ మామిడి. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "వంట బాగా సేస్తావా లేదా, అది నాకనవసరం. సెట్లంటే ఇష్టమా, కాదా? అది సెప్పు" అన్నారు. "ఇష్టమేనండీ" అన్నాను. "ఇష్టమంటే ఏటి? పూలు కోసుకోడమేనా, ఆకులు ఊడ్సడం కూడానా?" నవ్వొచ్చింది నాకు. "ఊడవడం కూడానండీ" అన్నాను. "అయితే బేగి సామాన్లు దించీయండి" అన్నారు. అద్దె మాట ఆ తరవాత వాళ్ళాయన వాలుకుర్చీలోంచి ఎప్పుడో గుర్తు చేశారు. ఆవేళ నుంచి ఆవిడ నాకు పిన్నిగారు, ఆయన బాబాయిగారు.

నేను రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగిన దాన్ని. నాకు తెలిసినంతలో చెట్టంటే స్టేషను వాళ్ళది. కింద కూర్చోవడమే మన పని. అందుకే వినాయక చవితి వెళ్ళాక ఒకరోజు పిన్నిగారు పట్టుచీర కట్టుకుని, కుంకుమ భరిణె పట్టుకుని మా గుమ్మంలోకొచ్చి నాకు బొట్టు పెట్టి, "ఆదివారం పొద్దున్న కొమ్మల పేరంటం. తట్ట తెచ్చుకో" అంటే నోరు తెరిచాను. అలాంటి పేరంటం ఒకటుందని మా అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి అది ఇంకెక్కడా లేదు. ఆవిడ సృష్టే. చవితి సందడి తగ్గాక, పెద్దల పక్షం పెట్టకముందు వచ్చే ఆదివారం దొడ్లో చెట్లన్నిటికీ బరువు దింపించేవారు. ఒంటి చేత్తో అయ్యే పని కాదు గనక వీధిలో ఆడవాళ్ళందరికీ బొట్టు పెట్టి పిలిచేవారు. "ఊరికే సాయం రమ్మంటే నడుం నొప్పంటారే. పేరంటమని పిలువు, జ్వరమున్నా వస్తారు" అని నాకు రహస్యం చెప్పారు.

ఆ ఆదివారం చూడాలి! అప్పలస్వామి అనే ఆయన చెట్టెక్కేవాడు. పిన్నిగారు చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపి, పొడుగాటి వెదురు గడతో కింద నిలబడి ఏ కొమ్మ కొట్టాలో పొడిచి చూపించేవారు. ఆయనకు కత్తి చేతికొస్తే ఆగదు. "ఒరే, గుండు సెయ్యమన్లేదురా, క్రాపు సెయ్యమన్నాను!" అని ఆవిడ కేకలు. కొమ్మ పడ్డాక ఎవరి వాటా వాళ్ళది. పనసాకులు బుట్టల్లా కుట్టి ఇడ్లీ వేసుకోవడానికి ఒకరికి, వేపాకు బియ్యం డబ్బాల్లోకి, మునగాకు పప్పులోకి, కొబ్బరి మట్టలు చీపుళ్ళకి. జామ రొట్ట ఎదురింటి వాళ్ళ మేకలకి. చివర అందరికీ పసుపు కుంకుమలిచ్చి, శనగలకు బదులు ఆకుల కట్ట వాయనమిచ్చేవారు. ఆ పైన పులిహోర. నేను ఆ మధ్యాహ్నం పులిహోర తింటూ నా తెలివి చూపించుకున్నాను. "సముద్రం ఇక్కడికెంతో దూరం కదండీ పిన్నిగారూ, మనకి తుఫాను భయమేమిటి?" అన్నాను. ఆవిడ వేళ్ళు నాక్కుంటూ, "సముద్రం దూరమేనే తల్లీ. గాలికి బస్సు టిక్కెట్టు అక్కర్లేదు గదా!" అన్నారు. తరవాత కాస్త నిదానంగా, "సెట్టుని గాలి పడగొట్టదే. గాలికి దారి లేక సెట్టు పడిపోతాది. తలుపు మూసీసి కూసుంటే వచ్చిన సుట్టం బాదడూ? దారి ఇచ్చీయ్, వచ్చినట్టే ఎళ్ళిపోతాది" అన్నారు. నా తరవాతి జీవితంలో, ఇంట్లోనూ బయటా, కోపంతో ఊగిపోతూ వచ్చిన మనుషుల్ని చూసినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొచ్చేది.

అన్ని చెట్ల మీదా అంత ధైర్యంగా కత్తి పెట్టించే మనిషి ఒక్క సువర్ణరేఖ దగ్గర మాత్రం మెత్తబడిపోయేవారు. దాని పెద్ద కొమ్మ మా వాటా పెంకుల మీదికి వాలి ఉండేది. అప్పలస్వామి అటు చూస్తే చాలు, "దాని జోలికెళ్ళకు!" అని గడ అడ్డం పెట్టేవారు. కారణం కోటవురట్లలో ఉంది. అక్కడ బాబాయిగారి అక్కగారుండేవారు. ఆవిడ దొడ్లోనూ సువర్ణరేఖ ఉంది. ఏటా వేసవిలో ఎవరి చెట్టు పండు ముందు ఎవరింటికి చేరుతుందా అని వదినా మరదళ్ళిద్దరికీ పంతం. మా వాటా మీది కొమ్మకు పొద్దుటెండ బాగా తగిలి పూత ముందొచ్చేది. పిన్నిగారు ఆ తొలి పళ్ళు బుట్టలో పెట్టుకుని స్వయంగా బస్సెక్కి కోటవురట్ల వెళ్ళి, "ఏటి వదినా, మీకింకా పండలేదేటి?" అని అమాయకంగా అడిగి వచ్చేవారు. ఆ మాట కోసం ఆవిడ ఏడాదంతా బతికేవారంటే అబద్ధం కాదు. పూతకొచ్చే రెమ్మల్ని ఇప్పుడు కొట్టేస్తే వేసవిలో ఆ కొమ్మకి కాయే ఉండదు మరి.

మరుసటి ఏడాది మాకు పాప పుట్టింది. ఉయ్యాల దూలానికి వేలాడదీశాం. సరిగ్గా ఆ దూలం పైనే ఆ కొమ్మ. శ్రావణంలో కాస్త గాలి వీస్తే చాలు, పెంకుల మీద కొమ్మ గీరుకుంటూ చప్పుడు చేసేది. నేను ఉయ్యాల వంక, పైకప్పు వంక మార్చి మార్చి చూస్తూ కూర్చునేదాన్ని. పిన్నిగారికీ బెంగగానే ఉండేది, కానీ కొమ్మ కొట్టించాలంటే మనసు రాలేదు. అందుకని ఒక ఉపాయం కనిపెట్టారు. నూతి చేంతాడు తెచ్చి కొమ్మని పైకి లాగి వేపచెట్టుకి కట్టేద్దామన్నారు. మా ఆయన స్కూల్లో స్కౌట్ మాస్టారు కూడా. ముడులంటే మహా సరదా. నిచ్చెనెక్కి ఏవేవో ముడులు వేసి, చేతులు దులుపుకుని, "ఇంక ఏనుగొచ్చినా కదలదు" అన్నారు. ఏనుగు రాలేదు గానీ మూడో నాడు ఈదురు గాలి వచ్చింది. వేప ఒకవైపు ఊగింది, మామిడి ఇంకోవైపు ఊగింది, మధ్యలో ఆ తాడు రంపంలా మా ఇంటి కప్పు మీద ఆడి వరసగా పెంకులు లేపేసింది. ఒక పెంకు ముక్క పొయ్యి మీదున్న పప్పుగిన్నెలో పడింది. బాబాయిగారు గొడుగేసుకుని వచ్చి చూసి, "మాస్టారూ, మీ ముడి గట్టిదేనండీ. మా పెంకులే గట్టివి కావు" అన్నారు. అందరం నవ్వాం. నవ్వు ఆగాక మా ఆయన ముఖం మారిపోయింది. ఇంకో ముక్క ఉయ్యాలకి జానెడు ఇవతల పడి ఉంది.

"దసరా లోపల ఇల్లు మారిపోదాం" అన్నారు మా ఆయన ఆ సాయంత్రం. నేను ఏడ్చాను. పుట్టింటి నుంచి వచ్చినప్పుడు కూడా అంత ఏడవలేదు. ఆ దొడ్డి, ఆ కేకలు, నీళ్ళు పోసి పాపని పెంచుతున్న పిన్నిగారి చేతులు, అవన్నీ వదిలి పోవాలా? అలాగని కొమ్మ కొట్టించండి అని అడగడానికి నోరు రాలేదు. ఆవిడ ఏడాది సంబరం మీద కత్తి పెట్టమనడానికి నేనెవర్ని? మేం ఇల్లు వెతుకుతున్న సంగతి పిన్నిగారికి ఎవరో చేరేశారు. ఆవిడ మామూలుగా వచ్చి పాపకు నీళ్ళు పోసి, మాట్లాడకుండా వెళ్ళిపోయేవారు. ఆవిడ మాట్లాడకపోతే ఆ ఇల్లు సెలవిచ్చిన బడిలా ఉండేది.

చవితి వెళ్ళింది. ఒకరోజు పొద్దున్నే పట్టుచీర గలగలలాడింది. భరిణెతో పిన్నిగారు. ముందు నాకు బొట్టు పెట్టారు. తరవాత ఉయ్యాల మీదికి వంగి పాప నుదుటి మీద కూడా ఓ చుక్క పెట్టి, "ఏటే గుంటా, ఆదివారం నీ పేరంటమే. మొదటి కొమ్మ నీ నెత్తి మీదిదే" అన్నారు. "పిన్నిగారూ, మీ వదినగారు..." అని ఏదో అనబోయాను. "ఊరుకోవే, పళ్ళ కోసం పిల్లని పణం పెడతానేటి?" అని కసిరారు. ఆదివారం అప్పలస్వామి వేపచెట్టు వైపు నడుస్తుంటే వెదురు గడ అడ్డం పడింది. "అటు కాదు. మామిడి ముందు." ఆయన నమ్మలేక రెండుసార్లు అడిగాడు. కొమ్మ పడేటప్పుడు ఆవిడ కళ్ళు మూసుకోలేదు, పక్కకీ తప్పుకోలేదు. నేను బిక్కముఖం వేసుకుని చూస్తుంటే, "అలా సూస్తావేటి? ముద్దొచ్చే కొమ్మని ముందు కొట్టీసేవనుకో, మిగతావాటికి సెయ్యి వొణకదు. దాన్ని ఆఖరికి ఉంచేవా, సీకటి పడిపోయింది, రేపు సూద్దాం అంటావు" అన్నారు. ఆ రోజంతా అందర్నీ హడలగొడుతూనే ఉన్నారు గానీ, పులిహోర మాత్రం తను ముట్టకుండా తన వాటా అప్పలస్వామికి పెట్టించేశారు. నేను చూశాను.

అట్లతద్ది వెళ్ళాక వచ్చింది అసలు గాలివాన. తెల్లారగట్ల మొదలై సాయంత్రం దాకా ఊరిని కుదిపేసింది. పిన్నిగారూ బాబాయిగారూ కూడా మా వాటాలోకే వచ్చి కూర్చున్నారు. సువర్ణరేఖ తల విరబోసుకుని ఊగింది. గాలి దాని మధ్య నుంచి ఈల వేసుకుంటూ వెళ్ళిపోయింది. పైన ఒక్క పెంకు కదల్లేదు. పాప నిద్రపోయింది. వాన వెలిశాక బయటికొస్తే మునగ ఒక్కటి విరిగి ఉంది. "దాని బుద్ధే అంత, తుమ్మినా విరుగుతాది" అన్నారు పిన్నిగారు. ఇల్లు మారే మాట మా ఆయన మళ్ళీ ఎత్తలేదు.

వేసవి వచ్చింది. మిగిలిన చెట్టుకి కాయలు ఇంకా రాళ్ళలా ఉండగానే ఒక మధ్యాహ్నం గుమ్మం ముందు రిక్షా ఆగింది. కోటవురట్ల వదినగారు దిగారు, చేతిలో బుట్ట. ఏళ్ళ తరబడి దాచుకున్న మాట పెదాల మీదే ఉంది. "ఏటి సత్యా, మీకింకా పండలేదేటి?" అన్నారు. పిన్నిగారు బుట్ట అందుకుని, "లేదొదినా, ఈ ఏడు నువ్వే గెలిసేవు" అన్నారు. అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి వదినగారికి అనుమానమొచ్చి దొడ్లోకి వెళ్ళారు. కొమ్మ కొట్టిన మోడు చూశారు. దాని కింద పెంకులు, తలుపులోంచి ఉయ్యాల చూశారు. మోడు మీద చెయ్యి వేసి నిమిరారు. చివరికి, "మా సెట్టు కొమ్మ కూడా ఒకటి కోడలి గది మీదికే ఉన్నాదే. అది నెల తప్పింది" అన్నారు. "అయితే పేరంటం పెట్టీయ్, నేను గడ తెస్తాను" అన్నారు పిన్నిగారు. "అప్పుడింక నాకూ బేగి పండదు కదే!" "పండదు. వచ్చే ఏడు ఇద్దరం ఓడిపోతాం. హాయి!" ఇద్దరూ నవ్వుకుంటూ అక్కడే నిలబడి ఆ బుట్టలో పళ్ళు పిసుక్కుని తిన్నారు. నాకూ ఒకటిచ్చారు. అంత తీపి పండు మళ్ళీ తినలేదు.

ఎనభైలు గడిచేదాకా మేం ఆ వాటాలోనే ఉన్నాం. ప్రతి చవితి తరవాతా రెండు పేరంటాలకు తట్ట పట్టుకు వెళ్ళాను, ఒకటి దొడ్లో, ఒకటి బస్సెక్కి కోటవురట్లలో. తరవాత బదిలీలు. పిన్నిగారు ఇప్పుడు లేరు. మాకంటూ ఇల్లు కట్టుకున్నాక నేనూ మా వీధిలో బొట్టు పెట్టి పిలుస్తాను. మొదట నవ్వుతారు, తరవాత తట్టలతో వస్తారు.

సింహాచలం కాఫీ గ్లాసు పక్కన పెట్టి మళ్ళీ అడిగాడు, "ఎక్కడ మొదలెట్టమంటారమ్మా?" ఈసారి నాన్చలేదు. "సంపెంగ" అన్నాను. "అదా? అది ఆఖర్న సూద్దామని రెండేళ్ళయి అంటన్నారు గదమ్మా?" "అందుకే ముందు" అన్నాను. కుంకుమ భరిణె తీసుకుని పక్కింటికి బయల్దేరాను. ఆ అమ్మాయికి బొట్టు పెట్టి, తట్ట తెచ్చుకోమని చెప్పాలి. గోడ అవతల రాలిన పూలు ఏరుకోవడం దానికీ అలవాటే. ఈ ఏడు పూలు వాళ్ళకీ ఉండవు, మాకూ ఉండవు. ఇద్దరం ఓడిపోతాం. హాయి.